నువ్వు ముందు పద, వెనక నేనొస్తా

తొట్లకొండ దిగుతూ పడిన దెబ్బకు ఆరు నెలలు సైకిలు ముట్టని ఒక టీచరు, అదే ఏడాది చలికాలంలో మంచు కమ్మిన అనంతగిరి ఘాట్‌లో భర్తకంటే ముందు దిగి వచ్చారు. ఈ మధ్యలో ఏం జరిగిందో ఆమె మాటల్లోనే...

నేను పడిన చోట రోడ్డు మీద ఏ గుర్తూ లేదు. తొట్లకొండ దిగేటప్పుడు కుడిచేతి వైపు తిరిగే ఒక మలుపు. వానాకాలంలో కొట్టుకొచ్చిన సన్న కంకర ఆ మలుపు లోపలి అంచున పరుచుకుని ఉంది, అంతే. అయినా ఆ చోటు ఎక్కడో కళ్లు మూసుకుని చెప్పగలను.

సంక్రాంతి వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం అది. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన, సముద్రానికి ఎదురుగా ఉంటుందా కొండ. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ ఉండేవారు. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే దానికి ఆ పేరు. 1970ల్లో నావికాదళం విమానంలోంచి సర్వే చేస్తున్నప్పుడు ఆ స్థలం బయటపడింది. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పిల్లల్ని బస్సులో చాలాసార్లు తీసుకెళ్లాను. సైకిలు మీద మాత్రం అదే మొదటిసారి.

ఎక్కడం ఎక్కేశాను. దిగుతుంటే మా ఆయన నాకంటే రెండు మలుపులు ముందున్నారు. బ్రేకులు రెండూ మొదటి నుంచీ పట్టుకునే ఉన్నాను. వేళ్లు నొప్పి పెడుతున్నాయి, భుజాలు బిగుసుకుపోయాయి. మలుపులో కంకర కనిపించింది. ఆ కంకర మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. సైకిలు సరిగ్గా అక్కడికే వెళ్లింది. భయంతో ముందు బ్రేకు గట్టిగా నొక్కేశాను. చక్రం పక్కకు జారిపోయింది.

లేచి కూర్చునేసరికి మోచేతి నుంచి రక్తం కారుతోంది. ఎదురుగా సముద్రం నీలంగా, ఏమీ ఎరగనట్టు ఉంది. ఆయన కింద ఎదురుచూసి, నేను ఎంతకీ రాకపోయేసరికి సైకిలు తిప్పుకుని పైకొచ్చారు. మూడు నిమిషాలు పట్టిందంటారు. ఆ మూడు నిమిషాలూ నేను ఒక్కదాన్నే ఉన్నాను. మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి.

బాల్కనీలో సైకిలు

మా ఆయన బ్యాంకు ఉద్యోగి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నాకు నలభై రెండేళ్లు వచ్చినప్పుడు పుట్టినరోజుకి గేర్ల సైకిలు కొనిచ్చారు. రెండేళ్లు ప్రతి ఆదివారం మధురవాడలోని మా ఇంటి నుంచి రుషికొండకో, భీమిలికో వెళ్లేవాళ్లం. చదునుగా ఉన్నంతసేపు కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కనే తొక్కేవాళ్లం. ఎత్తు మొదలైతే ఆయన వేగం ఆయనది, నా వేగం నాది.

ఆయన ముందు పైకి చేరి, సైకిలు పక్కకు పెట్టి, చెయ్యి ఊపుతూ ఉండేవారు. "వచ్చేశావ్, వచ్చేశావ్! ఇంకొంచెమే!" నేను ఆయాసపడుతూ అక్కడికి చేరేసరికి ఆయన నీళ్లు తాగి, అరటిపండు తిని, మళ్లీ ఎక్కడానికి సిద్ధంగా ఉండేవారు. "పదవోయ్, ఎండెక్కుతోంది" అనేవారు. బలం ఉన్న మనిషికి పది నిమిషాల విశ్రాంతి, లేని మనిషికి ఒక్క నిమిషం కూడా లేదు. రెండేళ్లు అలాగే జరిగింది. అందులో తప్పుందని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. నాకు చేతకావడం లేదనే అనుకున్నాను.

తొట్లకొండ తర్వాత సైకిలు బాల్కనీలో బట్టలు ఆరేసుకునే తీగ కింద చేరింది. ఆయన చెయ్యాల్సిన ప్రయత్నాలన్నీ చేశారు. "పడనివాళ్లెవరు?" అన్నారు. "నీకు కాళ్లలో బలం రావాలి" అని పొద్దున్నే రాగిజావ కాచి ఇచ్చారు. నాలుగంతస్తులు మెట్లెక్కించారు. నేను ఎక్కేదాన్ని, దిగేదాన్ని. సైకిలు దగ్గరికి మాత్రం వెళ్లేదాన్ని కాదు.

అత్తయ్య చెప్పిన మాట

ఆషాఢం వచ్చింది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా, మాధవధార వైపు నుంచి తిరిగి కొండ కిందికి రావాలి. లక్షల మంది నడుస్తారు. దారిపొడవునా మజ్జిగ, పులిహోర ఇచ్చేవాళ్లుంటారు. మా అత్తయ్యకు డెబ్భై ఒకటి. ఆ ఏడు తాను నడిచి తీరతానంది. మేమిద్దరం తోడు వెళ్లాం.

హనుమంతవాక దాటేసరికి చీకటి పడింది. మా ఆయన అలవాటు కొద్దీ జనంలో దారి చేసుకుంటూ యాభై అడుగులు ముందుకెళ్లి, వెనక్కి తిరిగి మా కోసం నిలబడుతున్నారు. మూడోసారో నాలుగోసారో అత్తయ్య ఆగిపోయింది. చేతిసంచి నా చేతికిచ్చి కొడుకును పిలిచింది.

"ఒరే, ఇలాగ్రా. నువ్వు ఎనకాల నడు."

"ఎందుకమ్మా? దారి చేస్తన్నాను కదా."

"దారి దేవుడు సేస్తాడు గానీ, ముసిలోళ్లని ముందు నడవనీయాలి. కుర్రోళ్లు ముందు నడిస్తే గుంపు తెగిపోద్ది. నువ్వక్కడ నిలబడి సూస్తుంటే నాను పరిగెత్తాలనిపిస్తాది. ఆయాసం నాకొస్తాది, నీకేటి?"

ఆయన నవ్వి వెనక్కొచ్చారు. అత్తయ్య ముందు, పక్కన నేను, వెనక ఆయన. అత్తయ్య ఎంత నెమ్మదిగా అడుగేస్తే అంత నెమ్మదిగా నడిచాం. మధ్యలో రెండుసార్లు కూర్చుంది, ఎవర్నీ అడగలేదు. తెల్లవారుతుంటే తొలిపావంచా దగ్గరికి తిరిగొచ్చాం. ఎంత దూరం మిగిలిందని ఆమె రాత్రంతా ఒక్కసారీ అడగలేదు.

ఆటోలో ఇంటికొస్తుంటే మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "తొట్లకొండ మీద నేను వెనక ఉండాల్సింది."

నేను ఏమీ అనలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుద్దముక్కతో గీసిన గీతలు

ఆ వారంలోనే ఒక రాత్రి భోజనాలయ్యాక ఆయన అడిగారు.

"నీకు సరిగ్గా ఎక్కడ భయమేస్తోంది?"

రెండేళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"దిగేటప్పుడు" అన్నాను.

"ఎక్కేటప్పుడు కాదా?"

"ఎక్కేటప్పుడు ఆయాసమండీ. ఆగితే అదే పోతుంది. దిగేటప్పుడు ఆపలేనేమో అనిపిస్తుంది. ఎక్కుతున్నంతసేపూ అదే బెంగ. ఎంత పైకి వెళ్తే అంతా దిగాలి కదా అని."

ఆయన నా వంక అలాగే చూస్తూ ఉండిపోయారు. నా కాళ్లలో బలం లేదని ఆయన ఇన్నాళ్లూ రాగిజావ కాచారు. నాకు కావలసింది చేతుల్లో నమ్మకం.

మా కాలనీ వెనక ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్ ఉంది. రోడ్లు మాత్రం వేశారు. మర్నాడు తెల్లవారుజామున స్కూలు సుద్దముక్క, కుట్టుమిషను టేపు తీసుకుని అక్కడికెళ్లాం. ఆయన మెకానిక్ చేత ముందే బ్రేకు తీగలు బిగింపజేసి, అరిగిన ప్యాడ్లు మార్పించారు. రోడ్డు మీద అడ్డంగా గీత గీశాను. గీత దగ్గరికి రాగానే రెండు బ్రేకులూ వేయాలి. సైకిలు ఎక్కడ ఆగిందో కొలవాలి.

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వచ్చినప్పుడు దాదాపు మూడు మీటర్లలో ఆగాను. 30తో వచ్చినప్పుడు పన్నెండు మీటర్ల దాకా పోయాను. వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు. గతిజశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఏటా తొమ్మిదో తరగతి బోర్డు మీద రాస్తాను. ఆ రోజు ఆ సూత్రం నా కాళ్ల కింద సుద్దగీతలై కనిపించింది. మోకాళ్ల మీద కూర్చుని టేపు పట్టుకుని ఆ పన్నెండు మీటర్లనూ రెండుసార్లు కొలిచాను. భయానికి మొదటిసారి ఒక కొలత దొరికింది.

రెండు వారాలు పొద్దున్నే అదే పని. ముందు బ్రేకు ఎందుకు ఎక్కువ పట్టుకుంటుందో ఆయనకు నేనే చెప్పాను. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి దానికే పట్టు ఎక్కువ. అందుకే మనిషి జీను మీద కాస్త వెనక్కి జరగాలి, మోచేతులు వదులుగా ఉంచాలి. చక్రం ఒరిగి తిరుగుతున్నప్పుడు, అందులోనూ కంకర మీద, అదే బ్రేకు నొక్కితే జారిపోతుంది. తొట్లకొండ మీద జరిగింది అదే. వేగం తగ్గించుకోవాల్సింది మలుపులోకి దిగకముందు, సైకిలు నిటారుగా ఉన్నప్పుడు. మలుపులో వేళ్లు వదులు చెయ్యాలి. చూపు గుంత మీద కాదు, మలుపు అవతల రోడ్డు కనిపించే చోట ఉండాలి. గుంతను చూస్తూ ఉంటే గుంతలోకే వెళ్తాం.

ఇంకో లెక్క కూడా వేసి చూపించాను. నేనూ సైకిలూ కలిపి 78 కిలోలు. నిట్టనిలువున వంద మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 76 వేల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. లీటరు నీళ్లను 18 డిగ్రీలు వేడెక్కించేంత శక్తి అది. దిగినంతసేపూ బ్రేకు పట్టుకునే ఉంటే అందులో చాలా భాగం బ్రేకుల్లోనే వేడిగా మారుతుంది. గట్టిగా వేసి, వదిలి, చల్లారనిచ్చి, మళ్లీ వేస్తే బ్రేకులూ నిలుస్తాయి, వేళ్లూ నిలుస్తాయి.

"ఇదంతా నీకు తెలుసా?" అన్నారాయన.

"బోర్డు మీద తెలుసు" అన్నాను.

చిన్న చక్రం చిన్నతనం కాదు

ఎక్కడంలో కూడా నాకొక నామోషీ ఉండేది. ముందు చిన్న పళ్ల చక్రం, వెనక పెద్దది వేసుకుంటే కాళ్లు గిరగిరా తిరుగుతాయి, సైకిలు మాత్రం నత్తలా కదులుతుంది. చూసేవాళ్లు నవ్వుతారేమోనని పెద్ద గేరులోనే మోకాళ్లు నొప్పి పుట్టేలా తొక్కేదాన్ని. నా సైకిలుకు ముందు చిన్న చక్రానికి 28 పళ్లు, వెనక పెద్దదానికి 34. ఆ గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు రెండు మీటర్లు కూడా కదలదు. అన్నింటికంటే బరువైన గేరులో అదే చుట్టుకు తొమ్మిది మీటర్లు దాటుతుంది. కొండ ఎత్తు మారదు. ఆ ఎత్తును చిన్న చిన్న ముక్కలు చేసుకుని ఎక్కడానికే గేరు ఉన్నది.

ఈ నామోషీ నా ఒక్కదానిదే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పందెంలో, గొలుసును ఒక చక్రం మీంచి మరో చక్రం మీదికి మార్చే గేర్లను 1937 దాకా అనుమతించలేదు. పందెం మొదలుపెట్టిన హెన్రీ డెగ్రాంజ్‌కు గేర్లంటే కండబలం లేనివాళ్ల ఆసరా అనే అభిప్రాయం ఉండేది. ఈ రోజు ప్రపంచంలోకెల్లా మొనగాళ్లయిన రైడర్లు కూడా ఆల్ప్స్ పర్వతాలను గేర్లతోనే ఎక్కుతున్నారు.

ఆ రోజుల్లోనే ఫానీ బుల్లక్ వర్క్‌మన్ గురించి చదివాను. 1859లో అమెరికాలో పుట్టిన మనిషి. కొండలెక్కడం ఆమెకు నేర్పింది డాక్టరైన భర్త విలియం. ఇద్దరూ సైకిళ్ల మీద అల్జీరియా, స్పెయిన్ తిరిగారు. 1897లో సింహళం చేరుకుని, ఆపైన మన దేశంలో సైకిళ్ల మీద తిరిగారు. ఆ యాత్ర గురించి రాసిన పుస్తకంలో తొక్కిన దూరం 14 వేల మైళ్లని చెప్పుకున్నారు. గేర్లు లేని కాలం. ఒక్కోరోజు నలభై పంక్చర్ల దాకా అతికించుకునేవారట. ఆ తర్వాత ఆమె సైకిలు దిగి హిమాలయాలెక్కింది. 1906లో, నలభై ఏడేళ్ల వయసులో, నున్ కున్ పర్వతాల్లో 6,930 మీటర్ల పినకిల్ శిఖరం చేరింది. కూలీల పట్ల ఆ దంపతుల తీరు మెచ్చుకోదగ్గది కాదు, ఆ మాట దాచకూడదు. వాళ్ల నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. హిమాలయ యాత్రల్లో వాళ్లు బాధ్యతలు మార్చుకునేవారు. ఒకసారి యాత్ర నడిపించే పని ఆమెది, కొలతలూ పరిశోధనా ఆయనవి. మరోసారి అటుది ఇటు, ఇటుది అటు.

ఈ సంగతి చెబితే మా ఆయన కాసేపు ఆలోచించి అన్నారు: "అయితే సింహాచలం నువ్వు నడిపించు."

సింహాచలం ఘాట్

సెప్టెంబరులో ఒక తెల్లవారుజాము. అడవివరం వైపు నుంచి ఘాట్ రోడ్డు మొదట్లో నిలబడి మూడు ఒప్పందాలు చేసుకున్నాం. ముందు నేను. మిగిలిన దూరం గురించి అబద్ధం చెప్పకూడదు, "ఇంకొంచెమే" అనే మాట అసలు వినబడకూడదు. ఆగాలనిపిస్తే ఆగుతాను, కారణం అడగకూడదు.

చిన్న గేరు వేసుకుని బయల్దేరాను. వెనక ఆయన సైకిలు గొలుసు చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. సంపెంగల వాసన వస్తోంది. కొండ మీదికి పూలు తీసుకెళ్లే ఆటో ఒకటి మమ్మల్ని దాటిపోయింది. రెండో మలుపు దగ్గర ఊపిరి అందలేదు, ఆగాను. ఆయనా ఆగారు. నీళ్ల సీసా అందించారు. ఏమీ అనలేదు. ఆయనకు అదెంత కష్టమో నాకు తెలుసు.

"అడుగుతారేమో అనుకున్నాను" అన్నాను.

"మాట ఇచ్చాను కదా."

పైకి చేరాక సైకిలు మీద ఉండగానే గుడి గోపురం కనిపించింది. రెండేళ్లలో మొదటిసారి నాకోసం పైన ఎవరూ ఎదురుచూడటం లేదు. పైకి ఇద్దరం కలిసే వచ్చాం.

దిగేటప్పుడు మొదటి మలుపుకి గుండె గొంతులోకి వచ్చింది. మలుపు రాకముందే రెండు బ్రేకులు, వేగం తగ్గింది, వేళ్లు వదులు, చూపు అవతలికి. తిరిగాను. రెండో మలుపు. తిరిగాను. మూడో మలుపులో బిగుసుకుపోయి ఆగిపోయాను. అరనిమిషం నిలబడి మళ్లీ కదిలాను. కిందికి చేరాక వేళ్లు నొప్పిగా ఉన్నాయి గానీ వణకడం లేదు. ఆ నెలలోనూ, పై నెలలోనూ మరో ఏడుసార్లు అదే ఘాట్ ఎక్కి దిగాం. నాలుగోసారికి ఆ మూడో మలుపు కూడా లొంగింది. ధైర్యం ఒక్కరోజులో రాదని, దాన్ని తోడు వేసిన పాలలా కదపకుండా, తొందరపెట్టకుండా ఉంచాలని ఆ ఎనిమిది ఉదయాలూ నేర్పాయి.

గాలికొండ మీద

డిసెంబరులో ఇద్దరం రెండు రోజులు సెలవు పెట్టాం. ఆదివారం అయితే అరకు రోడ్డు నిండా కార్లే. మంగళవారం వెళ్లాం. శృంగవరపుకోటలో తెలిసినవాళ్ల ఇంటి దగ్గర కారు పెట్టి, తెల్లవారకముందే సైకిళ్లెక్కాం. బొడ్డవర దాటితే కొండలు మొదలు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి చేరాలంటే ముందు అంతకంటే ఎత్తైన గాలికొండ దాటాలి. కొండల్లో పక్కనే సాగే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో సిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ అదే ఎత్తైనది. రైలు కూడా చుట్టూ తిరిగి సొరంగాల్లోంచి ఎక్కే కొండ అది.

గంటకు ఏడు కిలోమీటర్లు, ఒక్కోచోట ఆరు. తైడ దగ్గర టీ కొట్టులో ఆగితే కొట్టు నడిపే ఆవిడ సైకిళ్ల వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

"ఏటమ్మా, కింద నుంచీ తొక్కుకునే వచ్చీసినారా?"

"అవునమ్మా."

"ముందు నువ్వొచ్చినావు, బాబు ఎనకాల వచ్చినాడు. సూసినాను." గ్లాసు అందిస్తూ నవ్వింది. "బాగుంది. ఎల్లండి, మెల్లగా ఎల్లండి."

అనంతగిరి దాటాక కాఫీ తోటలు. పొడవాటి చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో ఎర్రటి కాఫీ పళ్లు. నేను నా లయలో తొక్కుతున్నాను. ఉన్నట్టుండి వెనక గొలుసు చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆయన రోడ్డు అంచున కూర్చుని పిక్క పట్టుకుని ఉన్నారు.

"నరం పట్టేసింది" అన్నారు. ముఖం పాలిపోయింది. "నువ్వు పద. నేను మెల్లగా వస్తాను."

సైకిలు పక్కకు పెట్టి దగ్గరికెళ్లాను. పాదం వేళ్లను మోకాలి వైపు వంచి పిక్క సాగదీశాను. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగించాను. పావుగంట కూర్చున్నాం. ఆయనకు ఇబ్బందిగా ఉందని తెలుస్తూనే ఉంది. అంతకాలం పైన నిలబడి చెయ్యి ఊపిన మనిషి.

"నువ్వు పైకెళ్లి వెయిట్ చెయ్యి, పర్లేదు" అన్నారు మళ్లీ.

"వద్దు. ఇప్పుడు మీరు ముందు పదండి. నేను వెనకొస్తాను."

తలెత్తి చూశారు. అది ఎవరి మాటో ఇద్దరికీ తెలుసు.

గాలికొండ దాకా ఆయన ముందు, నేను వెనక. ఆయన ఆగినచోట ఆగాను. కారణం అడగలేదు. వెనక నుంచి చూస్తుంటే ఆయన చొక్కా వీపంతా చెమటకు తడిసి అతుక్కుని ఉంది. భుజాలు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగుతున్నాయి. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన కష్టపడుతుంటే వెనక నుంచి చూడటం అదే మొదటిసారి. పైన వ్యూపాయింట్ దగ్గర ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని కాఫీ తాగాం. అరకు వైపు దిగుతుంటే పొలాల్లో వలిసె పూలు పచ్చగా విరబూసి ఉన్నాయి.

మంచులో

మర్నాడు తిరుగు ప్రయాణం. గాలికొండ దగ్గరికి వచ్చేసరికి మంచు. ఇరవై అడుగుల అవతల రోడ్డు లేదు. తడి రోడ్డు, తడి బ్రేకులు. తడిలో ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. కింద దాకా మలుపులే.

"జీపు మాట్లాడదామా?" అన్నారాయన. నిజంగానే అడిగారు, నన్ను పరీక్షించడానికి కాదు. ఆ తేడా అప్పటికి నాకు తెలుస్తోంది.

కాసేపు ఆలోచించాను. "వద్దు. నేను ముందు వెళ్తాను. మీ వెనక లైటు వేసుకోండి."

ఆయన సైకిలు వెనక ఎర్ర లైటు వెలిగించారు. వెనక నుంచి వచ్చే బస్సుకూ లారీకీ ముందు కనిపించేది ఆయన. నాకు ముందు కనిపించేది రోడ్డు.

బయల్దేరాను. చూపు అందినంత దూరంలో ఆగగలిగే వేగం, అంతకుమించి ఒక్క చుట్టు కూడా కాదు. లేఅవుట్‌లో టేపు పెట్టి కొలిచిన మీటర్లు నా తలలో ఉన్నాయి. మలుపుకు ముందు బ్రేకు, మలుపులో వదులు. ఎదురుగా ఆర్టీసీ బస్సు పసుపు లైట్లతో మంచులోంచి వచ్చి పక్కగా వెళ్లిపోయింది. వేళ్లు చలికి మొద్దుబారితే ఆగి చేతులు రుద్దుకున్నాను. అనంతగిరి కింద ఒక మలుపులో నీటితో పాటు కొట్టుకొచ్చిన కంకర కనిపించింది. తొట్లకొండ కంకర లాంటిదే. కుడిచేతి వైపు తిరిగే మలుపే. సైకిలు ఆపాను, దిగాను, ఆ పదిహేను అడుగులూ నడిపించుకుంటూ దాటాను, మళ్లీ ఎక్కాను. అందులో నామోషీ ఏమీ అనిపించలేదు. ఎక్కడ తొక్కాలో తెలిసినట్టే ఎక్కడ దిగాలో కూడా తెలిసింది.

తైడ దగ్గర మంచు విడిపోయింది. కింద మైదానం, పొలాలు, దూరంగా రైలు పట్టాలు. బొడ్డవర చేరేసరికి ఎండ వచ్చింది. సైకిలు దిగి వెనక్కి తిరిగాను. ఆయన పది అడుగుల వెనకే ఉన్నారు. పైనుంచి కింది దాకా ఆ పది అడుగులూ పెరగలేదు, తగ్గలేదు.

"దారంతా ఏం చూశారు?" అని అడిగాను.

"నిన్నే" అన్నారు.

పాఠకులకు ఒక మాట

ఇది చదివేవాళ్లలో కొండలెక్కే సరదా ఉన్నవాళ్లుంటారు, భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లాలన్న కోరిక ఉన్నవాళ్లుంటారు. వాళ్లకు నా మనవి ఇది. మీ తోడు మనిషికి భయం ఎక్కడుందో మీరే ఊహించుకోకండి, అడగండి. చదును నేల మీద బ్రేకులు నేర్చుకున్నాకే వాలులోకి దిగండి. ఒకే చిన్న కొండను పదిసార్లు ఎక్కండి. ఆ తర్వాతే పెద్ద కొండ. మిగిలిన దూరం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పండి. నెమ్మదిగా వెళ్లే మనిషిని ముందు వెళ్లనివ్వండి. పైకి చేరి చెయ్యి ఊపితే అది ప్రోత్సాహమని మీకు అనిపిస్తుంది. కింద ఉన్న మనిషికి మాత్రం తానెంత వెనకబడిందీ అక్కడే కనిపిస్తుంది.

మొన్న సంక్రాంతి వెళ్లాక వచ్చిన ఆదివారం మళ్లీ తొట్లకొండ ఎక్కాం. దిగేటప్పుడు ఆ కుడిచేతి మలుపు దగ్గర ఆగలేదు. ముందు నేను, వెనక ఆయన.